ఎంతమంది చాలో రాసివ్వమన్నారు

పేరు వద్దన్న ఒక పాఠకురాలి నుంచి పొడవైన ఉత్తరం వచ్చింది. ఆమెకు 37 ఏళ్లు. 14 ఏళ్లుగా మొబైల్ యాప్‌లు రాస్తున్నారు. ఆరుగురు డెవలపర్లున్న టీమ్‌కి లీడ్. వాళ్లు చూసుకునేది డబ్బు చెల్లింపులు జరిగే యాప్.

ఏడాది క్రితం వాళ్ల కంపెనీ డెవలపర్లందరికీ ఏఐ కోడింగ్ ఏజెంట్ ఇచ్చింది. అప్పటినుంచి పని ఎలా మారిందో ఆమె మాటల్లోనే: "పొద్దున టికెట్ (చేయాల్సిన పని రాసి ఉండే చీటీ) తెరుస్తాను. ఏం కావాలో ఏజెంట్‌కి చెబుతాను. ఫైళ్లు వెతుక్కోవడం, కోడ్ రాయడం, టెస్టులు నడపడం అన్నీ అదే చేసేసి అయిపోయిందంటుంది. నేను చదివి అప్రూవ్ చేస్తాను. సాయంత్రానికి నేనేం చేశానో నాకే గుర్తుండదు."

టీమ్‌లో రెండేళ్ల అనుభవం కూడా లేనివాళ్లు ఇద్దరున్నారు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. అబ్బాయి రోజుకి నాలుగైదు పుల్ రిక్వెస్టులు (మార్చిన కోడ్‌ని చూసి యాప్‌లో కలపమనే అభ్యర్థనలు) పెడతాడు. అమ్మాయి వారానికి రెండు మూడే, కానీ "ఇది ఇలా ఎందుకుంది అక్కా" అని అడుగుతూనే ఉంటుంది. ఈ లెక్క చూపించే కంపెనీ డ్యాష్‌బోర్డులో అబ్బాయి పైన, అమ్మాయి అట్టడుగున.

రెండు నెలల క్రితం ఒక రిలీజ్ తర్వాత కొందరు కస్టమర్లకు ఒకే చెల్లింపు రెండుసార్లు పడింది. ఆ రాత్రి ఈమె లాగ్స్ (యాప్‌లో జరిగినవన్నీ నమోదయ్యే రికార్డులు) ముందు కూర్చుని తప్పు పట్టుకున్నారు. కోడ్ ఆ అబ్బాయిది. అడిగితే "ఏజెంట్ అలా రాసింది అక్కా, టెస్టులన్నీ పాసయ్యాయి కదా" అన్నాడు. ఆ మార్పు 900 లైన్లు. పైపైన చూసి అప్రూవ్ చేసింది ఈమే. రిపోర్టులో మాత్రం అబ్బాయి పేరు ఒక్కటే వెళ్లింది.

ఇప్పుడు మేనేజర్ ఒక నోట్ అడిగారు. ఏజెంట్ ఉంది కాబట్టి వచ్చే ఏడాదికి టీమ్‌లో ఎంతమంది చాలో నెలాఖరుకి రాసివ్వాలి. ముగ్గురు చాలన్న మాట పైనుంచి ముందే వినిపించింది. ఇంట్లో భర్త, "ఇక కోడింగ్ ఎవరికీ అక్కర్లేదు, మేనేజ్‌మెంట్‌కి మారిపో" అంటున్నారు. ఒక రాత్రి ఏజెంట్ ఆపేసి చిన్న స్క్రీన్ ఒకటి సొంతంగా రాద్దామని కూర్చుంటే చేతులు కదలలేదట. ఏడుపొచ్చిందని రాశారు. ఆమె ప్రశ్నలు మూడు: నోట్‌లో ఏం రాయాలి? ఆ అబ్బాయిని ఏం చేయాలి? నా వృత్తి అయిపోయినట్టేనా?

సమాధానం:

మీరు మూడు ప్రశ్నలు అడిగారు. కానీ మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే బరువుగా అనిపించింది మీరు ప్రశ్నగా అడగని సంగతి. రిపోర్టులో అతని పేరు ఒక్కటే ఉందని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్లిపోయారు. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదేనేమో. నోట్ సంగతి ఆలోచించే ముందు దాన్ని సరిచేయండి. ఎందుకంటే ఎవరుండాలి, ఎవరు పోవాలి అన్న చర్చ మొదలైతే అందరూ తీసి చూసేది ఆ రిపోర్టునే. అందులో సగం నిజమే ఉంటే, దాని మీద తీసుకునే నిర్ణయం కూడా అలాగే ఉంటుంది.

మేనేజర్‌కి రాసేటప్పుడు క్షమాపణల ఉత్తరంలా రాయక్కర్లేదు. మార్పు పెట్టింది అతను, అప్రూవ్ చేసింది నేను, 900 లైన్లను ఒక్క మనిషి చూస్తే చాలన్నది మన పద్ధతి. ఈ మూడూ కలిస్తేనే ఆ తప్పు కస్టమర్ దాకా వెళ్లిందని రాయండి. దీనివల్ల మీ పేరు మీద ఒక మచ్చ పడొచ్చు, కాదనను. రాయకుండా ఉంటే మాత్రం ఆ అబ్బాయి గురించి రేపు మీరు చెప్పే ఏ మాటనీ మీరే నమ్మలేరు.

ఆ తప్పు ఎలా జరిగిందో మీరు వివరంగా రాశారు. మీ ప్రశ్నలన్నిటికీ దారి అందులోనే ఉంది కాబట్టి మిగతా పాఠకుల కోసం మళ్లీ చెబుతాను. ఫోన్ నుంచి చెల్లింపు రిక్వెస్ట్ వెళ్లింది. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉండి జవాబు రాలేదు. యాప్ అదే రిక్వెస్ట్‌ని మళ్లీ పంపింది. పాత కోడ్‌లో ఒక చెల్లింపుకి ఒకే గుర్తింపు సంఖ్య ఉండేది, ఎన్నిసార్లు పంపినా అదే వెళ్లేది. అందుకే ఇది పాతదేనని సర్వర్‌కి తెలిసేది. ఏజెంట్ ఆ ఫంక్షన్‌ని శుభ్రం చేస్తూ, పంపిన ప్రతిసారీ కొత్త సంఖ్య పుట్టేలా మార్చింది. చూడ్డానికి కోడ్ ముచ్చటగా ఉంది. టెస్టులు రాసింది కూడా అదే ఏజెంట్. ఆ టెస్టుల్లోని నకిలీ సర్వర్ ఎప్పుడూ వెంటనే జవాబిస్తుంది. అంటే రెండోసారి పంపాల్సిన పరిస్థితి టెస్టుల్లో ఒక్కసారి కూడా రాలేదు. కోడ్ రాసినవాళ్లకు తట్టని సంగతి, అదే బుర్రతో రాసిన టెస్టుకి కూడా తట్టదు.

ఇక్కడ కోడ్ టైప్ చేయడం ఎవరికీ కష్టం కాలేదు. జవాబు రాకపోతే ఏమవుతుంది అని అడిగేవాళ్లు లేకపోయారు, అంతే. ప్రోగ్రామర్ ఉద్యోగంలో ఈ భాగం ఎక్కడికీ పోలేదు. పైగా పెరిగింది. ఇంతకుముందు ఆరుగురు రాసినదాన్ని ఆరుగురు చదివేవాళ్లు. ఇప్పుడు ఆరుగురూ, ఆరు ఏజెంట్లూ కలిసి రాసినదాన్ని ఆ ఆరుగురే చదవాలి. మేనేజర్ అడుగుతున్నదేమిటంటే, దాన్ని ముగ్గురు చదవగలరా అని. ఆయన ఆ మాటల్లో అడగలేదు. మీరు నోట్‌లో ఆ మాటల్లోకి మార్చాలి.

దీనికి బయటి ఆధారాలు కూడా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ టీమ్‌లు ఎలా పనిచేస్తాయో ఏటా పరిశీలించే గూగుల్ వారి డోరా బృందం 2024 నివేదికలో, ఏఐ వాడకం 25 శాతం పెరిగితే డెలివరీ స్థిరత్వం (రిలీజ్ చేసిన మార్పులు తేడా రాకుండా నిలబడటం) 7.2 శాతం తగ్గుతుందని అంచనా వేసింది. ఒక్కో మార్పు సైజు పెరిగిపోవడం దీనికి ఒక కారణం కావచ్చని కూడా చెప్పింది. మీ 900 లైన్లు గుర్తొచ్చే ఉంటాయి. 2025 నివేదికకి వచ్చేసరికి వేగం విషయంలో ఫలితం మెరుగైంది కానీ స్థిరత్వం దెబ్బతినడం మాత్రం అలాగే ఉంది.

ఇంకొకటి మీ డ్యాష్‌బోర్డు గురించి. మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లతో, వాళ్లకు ఏళ్లుగా అలవాటున్న ప్రాజెక్టుల మీదే 246 పనులు చేయించింది. కొన్నిటికి ఏఐ వాడొచ్చు, కొన్నిటికి వాడకూడదు. ఏఐతో సమయం 24 శాతం తగ్గుతుందని వాళ్లు ముందు అనుకున్నారు. అంతా అయ్యాక 20 శాతం తగ్గిందన్నారు. గడియారం చూస్తే 19 శాతం ఎక్కువ పట్టింది. ఇది చిన్న ప్రయోగం, అప్పటి టూల్స్‌తో చేసింది, ఇప్పటి ఏజెంట్లు వేరు. అందుకే ఏఐ వల్ల పని నెమ్మదిస్తుందని దీన్ని చూపించి వాదించకండి. వేగంగా చేశామన్న అనుభూతి వేరు, నిజంగా పట్టిన సమయం వేరు అన్నంతవరకే ఇది చెబుతుంది. మీ మేనేజర్ దగ్గర కూడా ఇప్పుడున్నది అనుభూతే, దాని పక్కన పుల్ రిక్వెస్టుల లెక్క.

ఇక నోట్ దగ్గరికి వద్దాం. ముగ్గురు చాలని రాసిచ్చేస్తే ఈ నెల ప్రశాంతంగా గడుస్తుంది. ఆ తర్వాత ఒకరు సెలవు పెడితే ఇద్దరు, ఆ ఇద్దరిలో ఒకరు మానేస్తే చెల్లింపుల కోడ్ తెలిసింది మీ ఒక్కరికే. రాత్రి రెండింటికి ఫోన్ వస్తే ఎత్తాల్సింది ప్రతిసారీ మీరే. పైగా ఆ అంకె మీ సంతకంతో ఉంటుంది. ఆరుగురూ కావాల్సిందేనని రాస్తే మనసుకి హాయిగా ఉంటుంది కానీ, ఆధారం లేకపోతే ఆయన ఇదే ప్రశ్న ఇంకొకరిని అడుగుతారు. టీమ్ గురించి మాట్లాడే అవకాశం మీ చేయి జారిపోతుంది.

నేను మొగ్గేది మూడో దారికి. అంకె కంటే ముందు పని రాయండి. గత మూడు నెలల టికెట్లు తీయండి. ఏవి నిజంగా త్వరగా అయ్యాయి? స్క్రీన్లు, ఫారాలు, పాత లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన, తెచ్చి వాడుకునే కోడ్) మార్చడం లాంటివి అయ్యే ఉంటాయి. దాన్ని దాచకండి, గట్టిగానే చెప్పండి, మిగతాది నమ్మాలంటే అది ఉండాలి. ఏవి త్వరగా కాలేదు? రిలీజ్ అయ్యాక ఎన్ని మళ్లీ విప్పాల్సి వచ్చాయి? రివ్యూకి మీ వారంలో ఎంత పోతోంది? అప్పుడు ఆరుగురుంటే ఏం జరుగుతుంది, అయిదుగురుంటే ఏది ఆలస్యమవుతుంది, ముగ్గురైతే ఏది పూర్తిగా ఆగిపోతుంది అని పక్కపక్కన పెట్టండి. చూపు సరిగా లేనివాళ్లు కూడా వాడగలిగేలా యాప్‌ని మార్చడం, పేరుకుపోయిన సెక్యూరిటీ అప్‌డేట్లు, ఎవరూ ముట్టుకోని పాత మాడ్యూళ్లు ప్రతి టీమ్‌కీ ఉంటాయి. మిగిలిన సమయాన్ని వాటికి పెట్టొచ్చని చూపండి. నిర్ణయం ఆయనదే. కానీ ఏం వదులుకుంటున్నారో తెలిసి తీసుకుంటారు. దీనికి బోలెడు ఓపిక కావాలి, రాసినా పక్కన పడేసే అవకాశం ఉంది. లెక్క తీశాక నిజంగానే అయిదుగురు చాలని తేలితే అదే రాయాల్సి ఉంటుంది, దానికి కూడా సిద్ధపడండి.

నోట్‌లో ఒక పేరా మాత్రం జూనియర్ల కోసం వేరుగా ఉండాలి. ఇప్పుడు చాలాచోట్ల ముందు తీసేస్తున్నది, అసలు తీసుకోకుండా వదిలేస్తున్నది వాళ్లనే. అమెరికాలో జీతాల రికార్డుల ఆధారంగా స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025లో లెక్క తీస్తే, 22 నుంచి 25 ఏళ్ల సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివర్లో ఉన్న గరిష్ఠ స్థాయితో పోలిస్తే దాదాపు 20 శాతం తగ్గాయి. అనుభవమున్నవాళ్ల విషయంలో అలా జరగలేదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది. ఆ రాత్రి లాగ్స్ చూసి తప్పు పట్టుకున్న మీ చూపు 14 ఏళ్లలో వచ్చింది. మొదటి రెండేళ్లు ఎవరో ఒకరు మీ కోడ్ చదివి, ఎందుకిలా రాశావని అడిగి ఉంటారు. ఆ రెండేళ్లు ఇప్పుడెవరికీ ఇవ్వకపోతే, పదేళ్ల తర్వాత ఏజెంట్ రాసినదాన్ని తప్పని చెప్పగలిగేవాళ్లు ఎక్కడినుంచి వస్తారు?

ఆ అబ్బాయి విషయం. అతను సోమరి అని నాకనిపించలేదు. కంపెనీ పుల్ రిక్వెస్టులు లెక్కపెట్టింది, అతను పుల్ రిక్వెస్టులు పెట్టాడు. ఏజెంట్ వాడొద్దని మీరంటే దాచి వాడతాడు, మీకు తెలిసే దారి కూడా మూసుకుపోతుంది. అలాగే వదిలేస్తే ఇంకో రాత్రి, ఇంకో రిలీజ్, అప్పుడు రిపోర్టులో అతని పేరు రెండోసారి. మధ్యలో ఒక దారుంది, అది మీ సమయం తింటుంది. మార్పు చిన్నదిగా ఉండాలి, పది నిమిషాల్లో చదవగలిగేంత. డబ్బు, లాగిన్, కస్టమర్ డేటా తాకే ప్రతి మార్పుకీ, ఏం తప్పు జరగొచ్చో ఏజెంట్ తెరవకముందే సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాసి పెట్టాలి. రివ్యూలో మీరు ఏ లైన్ చూపించి అడిగినా అదెందుకుందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే తిట్టక్కర్లేదు, ఇద్దరూ కూర్చుని తెలుసుకోవాలి, తెలిసేదాకా అది రిలీజ్‌లోకి వెళ్లదు. ఏజెంట్ రాసిందన్న జవాబు చెల్లదని టీమ్ మొత్తానికి ఒకేసారి చెప్పండి. అతనొక్కడికే చెబితే శిక్షలా వినిపిస్తుంది. ఈ నియమం మీకు కూడా వర్తించాలి, మీ మార్పుల్ని వాళ్లిద్దరూ ప్రశ్నించాలి.

దీంతో అతని లెక్క డ్యాష్‌బోర్డులో పడిపోతుంది. అందుకే అది మొదలుపెట్టే ముందే మేనేజర్‌కి చెప్పి ఒప్పించండి. లేకపోతే మీ మాట విన్నందుకు అతను నష్టపోతాడు.

అట్టడుగున ఉన్న ఆ అమ్మాయి గురించి మీరు తక్కువే రాశారు. నాకు మాత్రం ఆమే గుర్తుండిపోయింది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన మెషీన్‌లో రిమోట్ లాగిన్‌కి మామూలు కంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. ఎందుకని తవ్వుకుంటూ వెళితే, సర్వర్లను నడిపే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో విరివిగా వాడే ఎక్స్‌జెడ్ అనే లైబ్రరీలో ఎవరో రహస్యంగా దొంగదారి పెట్టారని బయటపడింది. అది ఎన్నో సర్వర్లకు చేరకముందే ఆగింది. ఆ అర సెకను ఏ డ్యాష్‌బోర్డులోనూ పాయింటు కాదు. "ఇది ఇలా ఎందుకుంది" అని అడిగే అలవాటు అలాంటిది. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నల్లో ఎన్ని నిజమైన తప్పుల్ని బయటపెట్టాయో వెనక్కి వెళ్లి వెతకండి. దొరికితే నోట్‌లో తేదీలతో సహా పెట్టండి. కొన్నైనా దొరుకుతాయని నా నమ్మకం.

మీ మూడో ప్రశ్న. 1957లో ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను, దాన్ని మెషీన్ సూచనలుగా మార్చే కంపైలర్‌ని తెచ్చినప్పుడు దాన్ని ఆటోమేటిక్ కోడింగ్ అనే పిలిచారు. మెషీన్ సూచనలు చేత్తో రాసే పని పోయింది, ప్రోగ్రామర్లు మాత్రం పెరిగారు. ఈ కథ చెప్పి చాలామంది ధైర్యం చెబుతారు. నేను సగమే చెబుతాను. కంపైలర్‌కి నియమాలున్నాయి, రాసినదాన్ని ఆ నియమాల ప్రకారమే మారుస్తుంది, అందుకే దాని అవుట్‌పుట్‌ని ఎవరూ కూర్చుని చదవరు. ఏజెంట్‌కి ఆ హామీ లేదు. ఇవాళ ఒకలా, రేపు ఇంకోలా రాస్తుంది, లేని లైబ్రరీ పేరు కూడా ఉన్నట్టే రాస్తుంది. కాబట్టి చదివి బాధ్యత తీసుకునే మనిషి కావాలి. ఆ మనిషి ఇప్పుడున్నంతమందే కావాలా అంటే, అలా అని మాటివ్వలేను.

చేతులు కదలలేదన్నారు. ఫంక్షన్ల పేర్లు, సింటాక్స్ మర్చిపోవడం వేరు. వాడకపోతే ఎవరికైనా పోతాయి, కూర్చుంటే కొన్ని వారాల్లో వచ్చేస్తాయి. వచ్చిన లాగ్‌ని చూసి గుర్తింపు సంఖ్య దాకా వెళ్లినప్పుడు మీకు ఏ ఏజెంటూ దారి చూపలేదు. అయినా మీ భయాన్ని నేను కొట్టిపారేయను. రాయడం పూర్తిగా మానేస్తే చదివే చూపు కూడా మెల్లగా మందగిస్తుంది. తప్పు జరిగితే డబ్బు పోయే భాగాలు కొన్ని ఎంచుకుని వాటిని మీరే రాయండి. ఏ పరిస్థితుల్లో ఏం జరగాలో టెస్టుల జాబితా మీరే తయారుచేయండి, నింపే పని ఏజెంట్‌కి ఇవ్వండి.

ఇక ఆ ఏడుపు. అది నైపుణ్యం పోయిందని వచ్చిన ఏడుపు మాత్రమే కాదనుకుంటాను. మీకు రాయడం ఇష్టం. ఒక స్క్రీన్‌ని ఖాళీ ఫైల్ నుంచి మొదలుపెట్టి చివరికి కదిలేలా చేయడంలో ఒక ఆనందం ఉంది. ఆ ఆనందం జీతం ఇచ్చే పనిలో తగ్గిపోయింది, మళ్లీ మునుపటిలా రాకపోవచ్చు. దానికి బాధపడటం సహజం. దాన్ని పనికిరానితనంగా మాత్రం లెక్కేసుకోకండి.

మీవారు చెప్పింది మీ మేలు కోరే. కానీ మేనేజ్‌మెంట్‌కి వెళితే ఇలాంటి నోట్లు రాసేది, రాయించేది మీరే. మనుషులతో కూర్చుని వాళ్లను ఎదిగేలా చేయడం మీకు నచ్చితే అది మంచి దారే. కోడ్ నుంచి పారిపోవడానికైతే ఏడాదిలో మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. చెల్లింపుల భద్రత, పెద్ద సిస్టమ్‌లు పడిపోకుండా చూసే పని లాంటి వైపు మళ్లడం ఇంకో దారి. అక్కడ అనుమానించే బుద్ధికి విలువ ఎక్కువ, కానీ కొత్తగా చాలా నేర్చుకోవాలి, రాత్రి ఫోన్లు తప్పవు. ఉన్నచోటే ఉండి టీమ్ పద్ధతులు మార్చడం మూడోది. పద్ధతులు మార్చనిచ్చే మేనేజర్ అయితేనే అది కుదురుతుంది. ఆయన అలాంటివారో కాదో మీ నోట్‌కి వచ్చే జవాబులో తెలుస్తుంది. అందాకా ఉద్యోగం గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి. మీవారికి కూడా ఇదే చెప్పండి, నెలాఖరు దాకా ఆగమని.

అంతా చదివి కూడా ఆయన ముగ్గురే అంటే, ఎవరెవరో మీరొక్కరే తేల్చొద్దు. ఏ ప్రమాణంతో ఎంచుతారో రాతపూర్వకంగా అడగండి. పుల్ రిక్వెస్టుల సంఖ్య అందులో ఉంటే మీ అభ్యంతరం కూడా రాతలోనే పెట్టండి. వెళ్లేవాళ్లకు ఆ సంగతి ముందుగా చెప్పే అనుమతి తీసుకోండి, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి వాళ్లకు ఒక్కో వారమూ ముఖ్యమే. ఆ ఇద్దరిలో ఎవరైనా వెళ్లాల్సి వస్తే సిఫార్సు ఉత్తరం మీరే రాయండి. అమ్మాయికైతే ఆమె అడిగిన ఏ ప్రశ్న వల్ల ఏ తప్పు దొరికిందో, అబ్బాయికైతే ఆ రాత్రి తర్వాత అతను ఏం నేర్చుకున్నాడో అందులో ఉండాలి. అతను నేర్చుకున్నది ఏమిటో రాయాలంటే ముందు అతనితో కూర్చోవాలి కదా. నెలాఖరు దాకా ఆగకుండా ఈ వారమే పిలిచి ఆ 900 లైన్లూ ఇద్దరూ కలిసి చదవండి.